పోలీసు బండి వెనకాల ఉన్న లెక్క: అమెరికా, ఇంగ్లండ్, జపాన్, మన గడ్చిరోలి

తమ్మీ, నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పుకుంటా, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కదా. అమెరికాలో పోలీసులకు పెద్ద పెద్ద ఎస్‌యూవీలు, దుబాయ్‌లో లంబోర్గినీ, ఇంగ్లండ్‌లో తుపాకీ కూడా లేని పోలీసులు, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచలో బొలెరో. వీటిల్లో ఎవరి పద్ధతి మేలు, మనకూ స్పీడ్ బండ్లు ఇచ్చి అందరి నడుముకూ పిస్టల్ పెడితే నేరాలు తగ్గవా అని అడిగావు. పోలీసు భర్తీలో డ్రైవర్ పోస్టుకు పెట్టాలా, మామూలు కానిస్టేబుల్‌కు పెట్టాలా అనేది రెండో ప్రశ్న. దానికీ చివర్లో చెప్తా.

నేను గడ్చిరోలి జిల్లాలో పోలీసు బండ్లు నడిపి, ఆ తర్వాత కొన్నేళ్లు మోటార్ సెక్షన్ వర్క్‌షాపులో పనిచేసి రిటైర్ అయినవాణ్ని. జీపు, సుమో, బొలెరో, టాటా 407, ఎంపీవీ (మందుపాతరను తట్టుకునే కవచం బండి) అన్నీ నడిపాను. వేరే దేశాల పోలీసు బండ్ల గురించి చదవడం నాకు మొదటినుంచీ ఇష్టం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక్క మాట. మంచి బండి వస్తే నేరం తగ్గుతుందని నువ్వు అనుకుంటున్నావు, కానీ అది తలకిందుల లెక్క. తాను ఆపబోయే మనిషి చేతిలో ఏముండొచ్చని పోలీసు అనుకుంటాడో, ఆపద వస్తే తోడు రావడానికి ఎంత సేపు పడుతుందో, ఈ రెండింటిని బట్టే ప్రతి దేశంలో పోలీసు బండి తయారవుతుంది. బండిని చూసి ఆ ఊళ్లో జనం చేతుల్లో ఎన్ని తుపాకులు ఉన్నాయో దాదాపుగా చెప్పేయొచ్చు.

అమెరికా సంగతి చూద్దాం. అక్కడ చాలా ఏళ్లు ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా అనే పెద్ద కారు నడిచింది, 2011లో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కువగా కనపడేది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ మీద కట్టిన పోలీస్ ఇంటర్‌సెప్టర్, దాంతోపాటు షెవర్లే టాహో, డాడ్జ్ చార్జర్. మిషిగన్ స్టేట్ పోలీసులు ఏటా ఈ బండ్లను ట్రాక్ మీద తిప్పి బ్రేకులు, స్పీడు, మలుపుల్లో పట్టు కొలిచి ఫలితాలు అందరికీ ఇస్తారు, మిగతా ఊళ్ల వాళ్లు అవి చూసి కొనుక్కుంటారు. క్రౌన్ విక్టోరియాకు ఒక పెద్ద కష్టం ఉండేది. రోడ్డు పక్కన ఆగి ఉన్నప్పుడు వెనకనుంచి వేరే బండి స్పీడుగా గుద్దితే పెట్రోల్ ట్యాంకు అంటుకునేది, అట్లా పోలీసులు కాలిపోయి చనిపోయారు. అందుకే ఇప్పటి ఎక్స్‌ప్లోరర్‌ను వెనకనుంచి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షిస్తారు. చూశావా, స్పీడు గురించి మాట్లాడుకునే బండిలో కంపెనీ ఇంత జాగ్రత్త తీసుకుంది బండి నిలబడి ఉన్నప్పుడు జరిగే ప్రమాదం గురించి. ఎందుకంటే అమెరికా పోలీసు డ్యూటీలో బండి సగం సేపు ఆగే ఉంటుంది, లోపల లాప్‌టాప్, రేడియో, కెమెరా నడవాలి కాబట్టి ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది. 2020 మోడల్ నుంచి హైబ్రిడ్ ఇంజిన్ తెచ్చింది కూడా ఆ ఖాళీగా తాగే పెట్రోలు తగ్గించడానికే.

ఇంకో విషయం, ఆ బండి ముందు డోర్లలో గుండును ఆపే పలకలు కంపెనీలోనే వేయించుకోవచ్చు. పిస్టల్ గుండును ఆపేవి ఉన్నాయి, రైఫిల్ గుండును ఆపేవి ఉన్నాయి. మామూలు ఊళ్లో గస్తీ తిరిగే కారు డోరులో రైఫిల్ గుండును ఆపే పలక ఎందుకు? 2017 నాటి అంచనా ప్రకారం అమెరికా జనం చేతుల్లో సుమారు 39 కోట్ల తుపాకులు ఉన్నాయి, అంటే మనుషుల కంటే తుపాకులే ఎక్కువ, వందమందికి 120. మన దేశంలో లైసెన్సు ఉన్నవీ లేనివీ కలిపి వందకు 5 చిల్లర. జపాన్‌లో వందకు ఒకటి కూడా లేదు. 2021 ఒక్క ఏడాదిలో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగం కంటే ఎక్కువ ఆత్మహత్యలు, ఇది చాలామందికి తెలియదు, హత్యలు 20 వేల పైన.

దీన్నిబట్టే అక్కడ పోలీసు బండి ఆపే తీరు ఉంటుంది. నీ కారు వెనక తన బండి ఆపుతాడు, సరిగ్గా వెనక కాదు, కొంచెం రోడ్డు వైపుకు జరిపి ఆపుతాడు, తను దిగి నడిచేటప్పుడు వెనకొచ్చే ట్రాఫిక్‌కు తన బండి అడ్డం ఉండాలని. రాత్రయితే స్పాట్‌లైట్ నీ అద్దంలో పడేలా వేస్తాడు, వెనక ఎంతమంది ఉన్నారో నీకు కనపడదు. నడుచుకుంటూ వచ్చి డిక్కీ మూత మీద ఒకసారి చెయ్యి వేస్తాడు, మూత సరిగ్గా మూసి ఉందో లేదో చూడడానికి, తన వేలిముద్ర ఆ బండి మీద ఉండడానికి. తర్వాత నీ డోరు దాటి ముందుకు రాడు, నీ భుజానికి కాస్త వెనకే నిలబడి మాట్లాడతాడు, నువ్వు తుపాకీ తియ్యాలంటే మెడ తిప్పి చెయ్యి వెనక్కి వంచాల్సి వస్తుంది. మన దగ్గర? లాఠీ ఊపుతూ బండికి ఎదురుగా వచ్చి నిలబడతాం. మనం ఎట్లా నిలబడతామో అక్కడివాడికి చూపిస్తే భయపడిపోతాడు. మనకు ఆ భయం లేకపోవడానికి కారణం ధైర్యం ఎక్కువని కాదు, ఎదుటి బండిలో పిస్టల్ ఉంటుందన్న ఆలోచనే మనకు రాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, మన పక్క మంచిర్యాల, ఆసిఫాబాద్ నుంచి, కాగజ్‌నగర్ నుంచి పిల్లలు చాలామంది అమెరికాకు చదువుకి పోతున్నారు. మన దగ్గర పోలీసు ఆపితే మర్యాదకు బండి దిగి కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికే పోతాం. అమెరికాలో అట్లా చెయ్యొద్దు. నువ్వు డోరు తీసి దిగితే ఆయన చెయ్యి తుపాకీ మీదికి పోతుంది. సీట్లోనే కూచో, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టు, రాత్రయితే లోపలి లైటు వెయ్యి, లైసెన్సు ఎక్కడుందో నోటితో చెప్పి, ఆయన సరే అన్నాకే చెయ్యి జేబులో పెట్టు. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, అక్కడ 2021 సెప్టెంబర్ నుంచి చాలామంది పెద్దవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. వాడు పోయే ముందు ఇదంతా ఇంట్లో కూచోబెట్టి చేయించి చూపించాను. మీ ఇంట్లో ఎవరైనా పోతుంటే నువ్వూ చేయించు.

అక్కడ పోలీసుల చేతిలో ఏటా వెయ్యి మంది దాకా చనిపోతున్నారు. దీనికి పోలీసుల్నే తిట్టి ఊరుకుంటే లాభం లేదు. దేశం మొత్తంలో సుమారు 18 వేల వేరువేరు పోలీసు విభాగాలు ఉన్నాయి, ఐదుగురు పోలీసులున్న ఊరికీ సొంత విభాగం ఉంటుంది, ట్రైనింగ్ సగటున ఐదారు నెలలే. జర్మనీలో అదే పనికి రెండున్నర నుంచి మూడేళ్లు చదివిస్తారు, నార్వేలో మూడేళ్లు కాలేజీ. ఐదు నెలల్లో ఒక మనిషికి తుపాకీ కాల్చడం నేర్పొచ్చు. కాల్చకుండా మాటతో పని కానివ్వడం నేర్పాలంటే ఏళ్లు పడుతుంది, ఇది నేను మా దగ్గర కొత్తగా వచ్చిన పిల్లల్ని చూసి చెప్తున్న మాట.

ఇంగ్లండ్ సంగతి వేరు. 1829లో లండన్‌లో పోలీసు వ్యవస్థ పెట్టినప్పుడే సైన్యంలా కనపడకూడదని తుపాకీ ఇవ్వలేదు, ఈరోజుకీ ఇంగ్లండ్, వేల్స్‌లో ఎక్కువమంది పోలీసులకు తుపాకీ లేదు. మరి తుపాకీ పట్టుకున్న దొంగ ఎదురైతే? అందుకు వేరే బండి ఉంది. 1991 నుంచి లండన్‌లో ఆర్మ్‌డ్ రెస్పాన్స్ వెహికల్ అని నడుపుతున్నారు, ఇప్పుడు ఎక్కువగా బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్‌5, అందులో బాగా ట్రైనింగ్ అయిన ముగ్గురు ఉంటారు, లోపల తుపాకులకు తాళం వేసే పెట్టె ఉంటుంది. ఊరి మీద అట్లాంటి బండ్లు కొన్ని తిరుగుతూ ఉంటాయి, అవసరమైన చోటికి అవే పోతాయి. మిగతా గస్తీ బండ్లన్నీ మామూలు కార్లే. ఏడాదికి వేల సార్లు ఆ బృందాలు బయటికి పోయినా గుండు కాల్చే సందర్భాలు చాలా ఏళ్లలో పదికి లోపే. 1996 మార్చిలో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో ఒకడు 16 మంది పసిపిల్లల్ని, వాళ్ల టీచర్‌ని పిస్టళ్లతో చంపేశాక 1997లో జనం దగ్గర పిస్టళ్లు ఉండకుండా చట్టం చేశారు. పిస్టల్ పోయింది కాబట్టి పోలీసు చేతిలో లాఠీతో సరిపెట్టగలుగుతున్నారు.

ఇంగ్లండ్‌తో పాటు ఒకే దేశంలో ఉన్న ఉత్తర ఐర్లాండ్ చూస్తే నా మాట నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. రాజు ఒకరే, పార్లమెంటు ఒకటే, భాష ఒకటే. కానీ అక్కడి పోలీసులు నడుముకు పిస్టల్ లేకుండా బయటికి రారు, దశాబ్దాలుగా గస్తీకి ఇనుప కవచం కట్టిన ల్యాండ్ రోవర్లు వాడారు, కింద పెట్రోల్ బాంబు దొర్లిపోకుండా చక్రాల చుట్టూ ఇనుప అంచులు వేలాడేవి. అక్కడి గొడవల్లో 300 మందికి పైగా పోలీసులు చనిపోయారు. 1998లో ఒప్పందం కుదిరింది, 2001లో పోలీసు విభాగం పేరే మార్చారు, మెల్లమెల్లగా మామూలు కార్లు రోడ్డెక్కాయి, అయినా ఇనుప ల్యాండ్ రోవర్లు ఇంకా పూర్తిగా పోలేదు. గొడవ ఆగాక కూడా బండి మారడానికి ఒక తరం పడుతుంది. మన జిల్లా వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, దీని దగ్గరికి మళ్లీ వస్తా.

జపాన్ గురించి ఎక్కువ చెప్పను. అక్కడ పిస్టల్ జనానికి ఇవ్వనే ఇవ్వరు. వేట తుపాకీ కావాలన్నా తరగతికి పోయి, రాత పరీక్ష, కాల్చే పరీక్ష పాసై, మనసు బాగుందని డాక్టర్ కాగితం తెచ్చి, ఇంట్లో ఎక్కడ దాస్తావో పోలీసుకు చూపించాలి. పోలీసు దగ్గర ఐదు గుండ్ల చిన్న రివాల్వర్ ఉంటుంది, డ్యూటీ అయ్యాక స్టేషన్‌లో పెట్టి ఇంటికి పోతాడు. ప్రతి పేటలో కోబాన్ అని చిన్న పోలీసు గది ఉంటుంది, ఎక్కువ గస్తీ సైకిల్ మీదే. 2022 జూలైలో షింజో అబేను చంపినవాడికి అక్కడ తుపాకీ దొరక్క ఇంట్లో తనే గొట్టాలతో తయారు చేసుకోవలసి వచ్చింది. దుబాయ్ లంబోర్గినీ అంటావా, అది టూరిస్టులకు చూపించడానికి, ఆ ఊరి అసలు గస్తీ మామూలు కార్లలోనే జరుగుతుంది. ఇటలీ పోలీసుల లంబోర్గినీకి మాత్రం నేను దండం పెడతా, ముందు డిక్కీలో ఐస్ పెట్టె పెట్టి ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి కిడ్నీ మోసుకుపోయింది.

ఇక్కడ ఒకరు అడగొచ్చు, ఐస్‌లాండ్‌లో జనం దగ్గర తుపాకులు బాగానే ఉన్నాయి కదా, మరి అక్కడ పోలీసులు తుపాకీ లేకుండా ఎట్లా తిరుగుతున్నారు అని. మంచి ప్రశ్న. ఐస్‌లాండ్ చరిత్రలో పోలీసు గుండుకు ఒక మనిషి చనిపోవడం 2013 డిసెంబర్‌లోనే మొదటిసారి. అక్కడ ఉన్నవి పక్షుల్ని, జింకల్ని కొట్టే పొడుగు తుపాకులు. పొడుగు తుపాకీ జేబులో పట్టదు, దాన్ని పట్టుకుని బజారుకు పోతే ఊరంతా చూస్తుంది.

ఇది నాకు ఐస్‌లాండ్ పోకుండానే తెలుసు, మా సిరొంచ, అహేరి, భామ్రాగడ్ ఊళ్లలో భర్మార్ అనే నాటు తుపాకీ ఉండేది కదా. నీ వయసు వాళ్లు చూసి ఉండకపోవచ్చు. ముందు గొట్టంలోంచి మందు పోసి, గుడ్డ పెట్టి ఇనుప కడ్డీతో దంచి, సీసం గుండు వేసి, మళ్లీ దంచి, వెనక పేలుడు టోపీ పెట్టి కాల్చాలి. ఒక్క దెబ్బ, మళ్లీ నింపాలంటే నిమిషం పడుతుంది, వాన పడితే మందు తడిసి పేలదు. చేను మీద పడే అడవి పందుల్ని తోలడానికి, వేటకు వాడేవాళ్లు. లైసెన్సు ఎవరికీ ఉండదు, చట్టం ప్రకారం తప్పే. కానీ ఏ ఇంట్లో ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుసు, పటేల్‌కు తెలుసు, కోత్వాల్‌కు (ఊరి కావలివాడికి) తెలుసు. భర్మార్ ఉన్న ఊరికి పోవడానికి మా పోలీసు ఎవడూ భయపడలేదు. ఇంటి గొడవల్లో గొడ్డలి ఎత్తిన కేసులే ఎక్కువ చూశాను. ఉత్తరాదిన జేబులో పట్టే దేశవాళీ పిస్టల్, కట్టా అంటారు, దాని కథ వేరు, దానికి అక్కడి పోలీసులు వేరేలా తయారవుతారు. అందుకే ఎన్ని తుపాకులు అన్న లెక్క ఒక్కటే చాలదు, ఎట్లాంటి తుపాకీ, అది ఎవరి దగ్గర ఉందో ఊరికి తెలుసా లేదా, అది కూడా చూడాలి.

మా భయం భర్మార్ కాదు, రోడ్డు కింద మావోయిస్టులు పాతిపెట్టిన మందుపాతర. మా జిల్లాలో నేను చూసిన పోలీసింగ్ మొత్తం ఆ ఒక్క భయం చుట్టూ తిరిగింది. పాత రోజుల్లో జీపులో ఎనిమిది మంది ఎక్కి పోయేవాళ్లం. వెనక ఎదురుబొదురు బెంచీలు, మోకాళ్ల మధ్య రైఫిలు, గొట్టం పైకి, వెనక డోరు దగ్గర కూచున్నవాడు ముందు దూకాలి. సీటు బెల్టు ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు, దూకాలంటే అడ్డం వస్తుందని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, మామూలు రోడ్డు ప్రమాదాల్లో అది ప్రాణం తీస్తోంది. అమెరికాలో కూడా నడుముకు కట్టిన సామాను అడ్డం వస్తుందని బెల్టు పెట్టుకోని పోలీసులు ఉన్నారు.

తర్వాత ఎంపీవీలు వచ్చాయి. ఈ బండి పుట్టిల్లు దక్షిణాఫ్రికా, కాస్పిర్ అంటారు. బండి పొట్ట అడుగున పడవలా ఉంటుంది, కింద పేలితే ఆ దెబ్బ రెండు పక్కలకు జారిపోవాలని. మన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ కూడా ఆ నమూనా మీద బండ్లు కట్టింది. నడిపినవాడిగా చెప్తున్నా, అది పది టన్నులకు పైన బరువు, నేల నుంచి చాలా ఎత్తు, అందుకని మలుపులో కాస్త స్పీడుగా తిప్పితే పడిపోతుంది. అద్దాలు మందం, చిన్నవి, పక్కన నడిచే మనిషి కనపడడు. ఎండాకాలం లోపల కూచుంటే పొయ్యిలో కూచున్నట్టే. ఆలాపల్లి నుంచి సిరొంచకు వచ్చే రోడ్డు అప్పట్లో ఎట్లా ఉండేదో ఇక్కడివాళ్లకు తెలుసు, వానాకాలం రేగడి మట్టిలో చక్రం దిగితే ఇంక ట్రాక్టర్లు తెచ్చి లాగాలి, పాత చిన్న వంతెనలు ఆ బరువు మోయవు. అన్నిటికంటే పెద్ద కష్టం, ఆ బండి ఏ రోడ్ల మీద పోగలదో అవి లెక్కకు కొన్నే, ఆ కొన్ని ఏవో అవతలివాడికి కూడా తెలుసు.

పద్నాలుగు, ఇరవై కేజీల మందుకు బండి తట్టుకుంటుందంటే అవతలివాడు యాభై కేజీలు పెడతాడు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కిస్టారం దగ్గర 2018 మార్చిలో సీఆర్‌పీఎఫ్ వాళ్ల ఎంపీవీనే పేల్చేస్తే 9 మంది చనిపోయారు. కవచం లేని బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2014 మేలో మా జిల్లాలోనే సుమో పేల్చి ఏడుగురు సీ-60 (మా జిల్లా పోలీసు కమాండో దళం) వాళ్లను చంపారు. 2019 మే 1న, మహారాష్ట్ర దినం రోజు, కుర్ఖేడా తాలూకా జాంభుర్‌ఖేడా దగ్గర ప్రైవేటు బండిలో పోతున్న 15 మంది పోలీసులు, డ్రైవర్ చనిపోయారు. 2025 జనవరిలో ఇంద్రావతి అవతల బీజాపూర్ జిల్లా కుట్రూ రోడ్డులో స్కార్పియో పేలి 8 మంది డీఆర్‌జీ (ఛత్తీస్‌గఢ్ జిల్లా పోలీసు దళం) జవాన్లు, డ్రైవర్ చనిపోయారు. ఈ చివరి రెండింటిలోనూ డ్రైవర్ ఉన్నాడు చూడు. డ్రైవర్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అందుకే నేను చెప్తూ ఉంటా.

వీటన్నిటి నుంచి మా వాళ్లు నేర్చుకున్నది ఒకటే, నడక. 1990లో సీ-60 పెట్టినప్పుడు ఇక్కడి ఊళ్ల పిల్లల్నే, మాడియా, గోండు, తెలుగు మాట్లాడే పిల్లల్నే తీసుకున్నారు. వాళ్ల బలం బండి కాదు, కాళ్లు. భుజాన సామాను వేసుకుని, రోడ్డు వదిలేసి, పోయిన దారిలో తిరిగి రాకుండా రెండు మూడు రోజులు అడవిలో తిరిగి వస్తారు. బండి తప్పనిసరి అయితే ముందు రోడ్ ఓపెనింగ్ పార్టీ నడుస్తుంది. రోడ్డు మీద కాదు, రెండు పక్కలా చెట్లలోంచి, మధ్యలో ఒకరిద్దరు మందుపాతర పసిగట్టే మెషీన్ పట్టుకుని. ప్రతి మోరీ కిందికి దిగి చూస్తారు. తారు మీద కొత్త అతుకు ఉందా, మట్టి రంగు మారిందా, ఎండాకులు ఒకే చోట కుప్పగా ఉన్నాయా, చెట్టు మొదట్లో వైరు తగిలిందా, రోజూ మేకలు కాసే పిల్లాడు ఈరోజు లేడేంటి. ఐదు కిలోమీటర్ల రోడ్డు తెరవడానికి సగం పూట పోయేది. డ్రైవర్‌గా ఆ సగం పూట బండి పక్కన నిలబడి చూడడమే నా పని. అవసరమైతే జవాన్లు మోటార్ సైకిళ్ల మీద దూరం దూరంగా పోతారు, ఒక్క పేలుడుకు పది మంది ఒకేసారి పోకుండా ఉండాలని. ఇప్పుడు చెప్పు, ఈ జిల్లాకు గంటకు 200 పోయే కారు ఇస్తే ఏం చేసుకుంటాం?

ముంబై వేరు అంటావు, నిజమే, పట్నంలో నడిచి పోలేం. 26/11 (2008 ముంబై ఉగ్రదాడి) రాత్రి కామా ఆస్పత్రి దగ్గర సందులో పోలీసు అధికారులు కర్కరే, కామ్టే, సాలస్కర్ సాహెబ్‌లు ఒకే క్వాలిస్‌లో ఉన్నారు. మామూలు డోర్లు, ఏకే గుండ్లు, బండిలో ఉన్నవాళ్లలో బతికి బయటపడింది వెనక ఉన్న ఒక్క కానిస్టేబుల్. చంపినవాళ్లు అదే క్వాలిస్ ఎక్కి వెళ్లిపోయారు. తర్వాత గిర్గావ్ చౌపాటీ నాకాబందీ (రోడ్డు మీద బండ్ల తనిఖీ) దగ్గర పోలీసు తుకారాం ఓంబళే గారు చేతిలో లాఠీతో, ఆ ఉగ్రవాదుల్లో ఒకడైన కసబ్ ఏకే గొట్టాన్ని పట్టుకుని, గుండ్లు ఒంట్లో దిగుతున్నా వదల్లేదు. ఆయనకు అశోక చక్ర ఇచ్చారు. ఆయన పేరు తలచినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి, కానీ అంత త్యాగం మీద ఒక పద్ధతిని నడపకూడదు కదా. ఆ తర్వాతే మహారాష్ట్ర ఫోర్స్ వన్ అనే కమాండో దళం పెట్టింది, మహీంద్రా మార్క్స్‌మన్ లాంటి కవచం బండ్లు ముంబై కొంది. సరైన పనే అది. ఊరంతా తిరిగే ప్రతి బండికీ కవచం కట్టకుండా, కొన్నే బండ్లు, బాగా తయారైన కొద్దిమంది చేతిలో పెట్టారు. ఇంగ్లండ్ పద్ధతికి ఇది దగ్గర, నాకు నచ్చేది కూడా ఇదే.

అందరి నడుముకూ పిస్టల్ అన్నావు కదా, అది నేను ఒప్పుకోను. నాకాబందీలో తాగినవాడితో కుమ్ములాట, జాతరలో తోపులాట, సంతలో గొడవ, మన పోలీసు పనిలో ఎక్కువ భాగం ఇవే. అట్లాంటి చోట నడుముకున్న పిస్టల్‌ను కాపాడుకోవడమే ఒక పెద్ద పని అవుతుంది, ఎదుటివాడు లాక్కుంటే అక్కడ లేని తుపాకీని మనమే తెచ్చి ఇచ్చినట్టు. పైగా ఏడాదికి ఎన్ని గుండ్లు కాల్చి ప్రాక్టీసు చేయిస్తారు? ప్రాక్టీసు లేని చేతిలో పిస్టల్ పక్కన నిలబడ్డవాడికి ప్రమాదం.

మరి నేరం దేంతో తగ్గుతుంది? నేను చూసినంతలో, పోలీసుకు ఊరి మాట రావడంతో. మాడియా మాట రాని ఫౌజ్‌దార్ (ఎస్సై) పెద్ద బండిలో ఊరికి పోతే ఇళ్ల తలుపులు మూసుకునేవి, అదే ఊరికి గోండి వచ్చిన మా హవల్దార్ సైకిల్ తోసుకుంటూ పోతే మంచినీళ్లు ఇచ్చి కూచోబెట్టేవాళ్లు. మా సిరొంచలో స్టేషన్ కాగితం మరాఠీలో రాస్తాం, ఫిర్యాదు తెలుగులో వస్తుంది, సాక్షి గోండి మాట్లాడతాడు. మూడూ వచ్చిన కానిస్టేబుల్ ఒక్కడు ఉంటే స్టేషన్‌కు ఒక బండి ఎక్కువున్నంత లాభం. జిల్లాలో దాదాలోరా ఖిడ్కీ అనే సాయం కౌంటర్ పెట్టి స్టేషన్‌లోనే కుల ధృవీకరణ పత్రం, పథకాల దరఖాస్తులు లాంటి పనులు చేయించడం మొదలుపెట్టాక, తుపాకీ పట్టిన మనిషి దగ్గరికి ముసలమ్మలు కూడా ధైర్యంగా రావడం నేను చూశాను. జపాన్‌లో కోబాన్ చేసే పని కూడా ఇట్లాంటిదే.

ఇప్పుడు కాలం మారుతోంది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు పెద్ద నాయకుడు మల్లోజుల వేణుగోపాల్ 60 మందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాడు. అడవిలో తుపాకులు తగ్గుతున్నాయి. కానీ ఉత్తర ఐర్లాండ్ గురించి చెప్పాను కదా, ఎంపీవీలు ఒక్క రోజులో షెడ్డుకు పోవు, పోకూడదు కూడా, పాతిన మందు ఎక్కడెక్కడ మిగిలుందో ఎవరికి తెలుసు. మెల్లగా మామూలు బొలెరోలు, మోటార్ సైకిళ్లు వాటి చోటికి వస్తాయి. డబ్బు నా చేతిలో ఉంటే ముందు ప్రతి ఠాణాకు ఇంకో డ్రైవర్‌ను ఇస్తా, రాత్రంతా గస్తీ నడిపినవాణ్ని పొద్దున్నే ఖైదీతో అహేరి కోర్టుకు పంపకుండా. తర్వాత టైర్లు, అరిగిన టైరుతో వానలో ఘాట్ దిగడం ఏ దొంగ కంటే తక్కువ ప్రమాదం కాదు. తర్వాత వెనక బెంచీలు తీసేసి ముందుకు తిరిగిన సీట్లు, బెల్టులు. ఆ తర్వాత బండికో మంచి ఫస్ట్ ఎయిడ్ పెట్టె, రక్తం ఆపే పట్టీ కట్టడం ప్రతి డ్రైవర్‌కూ నేర్పించాలి, ఇక్కడి నుంచి పెద్దాస్పత్రి ఎంత దూరమో నీకు తెలుసు. కొత్త మోడల్ బండి ఇవన్నీ అయ్యాక.

నీ రెండో ప్రశ్న. బండి మీద నిజంగా ప్రేముంటే చాలక్ (డ్రైవర్) పోస్టుకే పెట్టు, పరుగుతో పాటు దానికి డ్రైవింగ్ పరీక్ష వేరుగా ఉంటుంది. చాలామంది ముందుకు బాగానే పోతారు, రివర్స్‌లో దెబ్బతింటారు. కాబట్టి తెలిసినవాళ్ల జీపు, పికప్ ఏదైనా తీసుకుని అద్దాలు మాత్రమే చూస్తూ వెనక్కి నడపడం రోజూ చెయ్యి, ఎత్తు రోడ్డు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్లీ ఎత్తడం చెయ్యి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే ఆర్టీఓ ఆఫీసుకు పో, ఫారం నింపే చివరి వారంలో పోతే అది చేతికి రాదు.